ఎల్డన్‌కి నచ్చని పడవలు

మా ఊళ్ళో అందరూ నన్ను ఒకటే అడుగుతారు. "వర్నెల్, మీ తమ్ముడు అంత పట్టింపు మనిషి కదా, పోయి పోయి ఆ దగ్గే ఇంజను పడవ ఎందుకు కొన్నాడు?" అని. నిజమే. సీట్లు చిరిగిపోయాయి, వదిలేస్తే ఎడమ పక్కకు లాగుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేస్తే పొగాకు తాగే ముసలాడిలా దగ్గుతుంది. అడిగినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పి పంపించేస్తుంటాను. ఊరికే కబుర్లకు అడిగేవాళ్ళకు ఇదంతా చెప్పాలని నాకు లేదు.

మా తమ్ముడు ఎల్డన్ హకబీ ఇరవై తొమ్మిదేళ్ళు బడి బస్సు నడిపాడు. టెనెసీ కొండ మలుపుల్లో, మంచులో, వానలో నడిపినా బస్సుకు ఒక్క గీత పడనివ్వలేదు. ఊళ్ళో సగం మందిని వాడే బడికి చేర్చాడు. గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా వాడు ఎదురైతే ఇప్పటికీ నోట్లో చూయింగ్ గమ్ దాచేసుకుంటారు. మాట తక్కువ, చాదస్తం ఎక్కువ. పెళ్ళాం పోయి పద్నాలుగేళ్ళయింది. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. వాడికున్నవి రెండే: కూతురు మార్లా, ఆ కూతుర్ని లాగే పడవ.

మా సరస్సు మీద చేపలు పట్టేవాళ్ళ పడవలు వేరు, లాగే పడవలు వేరు. వెనక తాడు కట్టి, ఆ తాడు పట్టుకున్న మనిషిని పలక మీద నిలబెట్టి నీళ్ళ మీద లాక్కుపోవడానికే ఇవి పుట్టాయి. వీటి కడుపులో పెద్ద పెద్ద సంచులుంటాయి. వాటిలో సరస్సు నీళ్ళు నింపితే పడవ బరువెక్కి కూరుకుంటుంది, వెనక నడుమెత్తున అల లేస్తుంది. మార్లా ఆరేళ్ళ వయసులో ఆ అల మీదికెక్కింది. ఇరవై ఏడొచ్చినా దిగలేదు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేది, ఐదింటికి అక్కడ తలుపు మూసి ఐదున్నరకల్లా నీళ్ళలో ఉండేది. "పెళ్ళికొడుకు దొరికితే వాడికి కూడా తాడు ఇచ్చి చూస్తావా ఏంటే?" అని నేను దెప్పితే, "పడిపోయేవాడు నాకొద్దత్తా" అనేది.

ఆ ఏడు వసంతంలో ఎడమ మడమ పైన నొప్పి అంది. బెణికిందనుకున్నాం. జూన్‌లో నాక్స్‌విల్ డాక్టర్లు ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం చెప్తామన్న రోజు పొద్దున్నే ఎల్డన్ పడవని ట్రెయిలర్ మీంచి నీళ్ళలోకి దింపి, ఇంటి ముందు రేవుకు కట్టేశాడు. "ఏమీ లేదంటార్లే. రాగానే ఓ చుట్టు తిరుగుదువుగాని" అన్నాడు కూతురితో.

ఏమీ లేదని వాళ్ళు అనలేదు. ఎముకలో కేన్సర్ అన్నారు. మోకాలి కిందినుంచి కాలు తీసేయాలన్నారు. జులై ఇరవై నాలుగో తారీఖు ఇచ్చారు.

ముగ్గురం ఇంటికొచ్చాం. రేవు దగ్గర పడవ లేదు. తాడు కట్టుడు గుంజ నుంచి తిన్నగా నీళ్ళలోకి దిగి ఉంది. కిందికి చూస్తే పసుపు రంగు పడవ అడుగున కూర్చుని ఉంది, పైన లాగే తాడు తగిలించే ఇనప కమాను కొస మాత్రం నాలుగు వేళ్ళెత్తు బయటికి కనిపిస్తోంది.

పడవ వెనక అడుగున ఒక కన్నం ఉంటుంది. ఒడ్డున ఉన్నప్పుడు లోపలి నీళ్ళు పోవడానికి బిరడా తీసి పెడతాం, దింపేముందు బిగిస్తాం. బిరడా మరిచిపోవడం మా వైపు పెద్ద నగుబాటు. ఒకసారి మరిచినవాడిని పదేళ్ళు ఏడిపిస్తాం. ఎల్డన్ అయితే పడవలు నీళ్ళలోకి దింపే వాలు దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా ఆపి "బిరడా పెట్టారా?" అని అడిగే రకం. ఆ రోజు వాడి బిరడా ట్రక్కులో, కాఫీ కప్పు పెట్టుకునే గుంటలో ఉంది. వాడు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశాడు. ఆ వారం ఊళ్ళో ఒక్కరూ వాడిని ఏడిపించలేదు. అదే వాడికి ఎక్కువ బాధ అనుకుంటాను.

క్రేనుతో పైకి తీశారు. బీమావాళ్ళు వచ్చి, ఇంజనులోకి బురద పోయింది, ఇక లాభం లేదని పట్టుకుపోయారు.

మార్లా ఏడ్చిందేమో నాకు తెలియదు, నా ముందు మాత్రం ఏడవలేదు. మూడో రోజు భోజనాల దగ్గర చేతిలో మొక్కజొన్న రొట్టె తుంచుతూ అంది, "నాన్నా, కాలు తీసేలోపు ఒక్కసారి ఎక్కాలి. రెండు కాళ్ళ మీద. తర్వాత పెట్టుడు కాలుతో ఎలాగూ ఎక్కుతాలే, అది వేరు."

"పక్కింటి బేలర్ వాళ్ళ పడవ ఉంది. ఎప్పుడంటే అప్పుడు తీసుకోమన్నారు" అన్నాన్నేను.

"వద్దత్తా. నాన్న నడపాలి. మన పడవ అయ్యుండాలి. పాతదైనా పరవాలేదు, ఏదైనా పరవాలేదు."

డాక్టరుని అడిగితే ముందు వద్దన్నాడు. తర్వాత దాని మొహం చూసి నిట్టూర్చి, "మెల్లగా వెళ్ళు, గెంతకు. ఎముక విరిగితే కష్టం" అన్నాడు. "విరిగితే మీకు సగం పని తప్పుతుంది కదండీ" అంది ఇది. ఆయనకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు పాపం.

అలా మాకు ఐదు వారాలున్నాయి. ఎల్డన్ ఒక్కడే వెళ్తే అమ్మేవాడితో రెండు ముక్కలు కూడా మాట్లాడడు గనక నేనూ ట్రక్కెక్కాను.

మొదటి పడవ స్వీట్‌వాటర్ అవతల ఒక కొట్టంలో ఉంది. అమ్మేవాడు నున్నగా దువ్వుకున్న పాతికేళ్ళవాడు. బయట తళతళ, లోపల తళతళ, ఆఖరికి ఇంజను కూడా నిగనిగలాడుతోంది. ఎల్డన్ దాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంజనుకు రంగెందుకేశావు బాబూ?"

"అందంగా ఉంటుందని సార్."

"ఇంజనుకు అందమేంటి?" అని జేబులోంచి చిన్న చాకు తీసి పక్కన గీకాడు. రంగు కింద వెంట్రుకంత సన్నటి పగులు, జానెడు పొడుగున. చలికాలంలో లోపలి నీళ్ళు తీయకుండా వదిలేస్తే గడ్డకట్టి ఇంజనుని పగలగొడతాయి. ఆ పిల్లవాడు తల గోక్కున్నాడు. "నాకు తెలీదు సార్" అన్నాడు. "తెలీకపోతే రంగెందుకేశావు మరి?" అని నేను అందుకున్నాను. ఆ రోజు మా వాడి మీద నాకు గర్వమే కలిగింది.

రెండోది ఒక ప్లీడరుగారిది. మీటరు మీద మూడొందల గంటలు తిరిగినట్టుంది. ఎల్డన్ స్టీరింగు మీద చెయ్యి పెట్టి తడిమాడు. తోలు అరిగి అద్దంలా అయిపోయింది. "మూడొందల గంటలకు ఇలా కాదండీ" అని ఒక్క మాట చెప్పి దిగిపోయాడు. ప్లీడరుగారి మొహం చూడాల్సిందే. అదీ సరే అనుకున్నాను.

తర్వాత నాలుగు పడవలు చూశాం. ఒకదాని నేల మెత్తబడింది, ఒకదాని కమాను మొదట్లో చీలికలున్నాయి. మిగతా రెండిటికీ వాడు చెప్పిన వంకలు నాకిప్పుడు గుర్తు కూడా లేవు. ఇంటికి వచ్చిన ప్రతిసారీ మార్లా వాకిట్లో కుర్చీ వేసుకుని ఎదురు చూసేది. వెనక ఖాళీ ట్రెయిలర్ చూసి, "ఇదీ నచ్చలేదా నాన్నా?" అనేది. అప్పటికే కర్ర పట్టుకుని నడుస్తోంది.

జులై పందొమ్మిదిన పెల్హమ్ గారి పడవ చూశాం. మొగుడూ పెళ్ళాలిద్దరూ పంతుళ్ళు. నూనె మార్చిన ప్రతి తేదీ పుస్తకంలో రాసి పెట్టారు. ఎండ తగలని చోట ఉంచి పసిపిల్లలా సాకారు. ఎల్డన్ వెల్లకిలా పడుకుని కింద చూశాడు, బోర్లా పడుకుని పైన చూశాడు, రెండు గంటలు చూశాడు. నీళ్ళలో తిప్పాడు. గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. నేను మనసులో దేవుడికి దణ్ణం కూడా పెట్టేసుకున్నాను.

వాడు ఒడ్డుకు వచ్చి, చేతులు తుడుచుకుని, "సీట్ల రంగు వెలిసిందండీ. ఆలోచించి చెప్తాం" అన్నాడు.

పెల్హమ్ గారి భార్య నావంక చూసింది. నా తల కొట్టేసినట్టయింది.

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొన్నాను. అవి ఒళ్ళో పెట్టుకుని ఎక్కానే గాని ఒక్కటీ నోట్లో పెట్టలేకపోయాను.

"బండి ఆపరా" అన్నాను.

"ఏమైంది?"

"ఆపమన్నానా! సీట్ల రంగు వెలిసిందా? ఏరా, దాన్ని సీట్లో కూర్చోబెట్టి ఊరేగిస్తావా? ఐదు రోజులుంది. ఐదే! అది వాకిట్లో కూర్చుని ట్రక్కు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉంది, నీకేమో రంగు వెలిసింది!"

వాడు బండి పక్కకు తీసి ఆపాడు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

"నేను ఏ పడవలో కూర్చున్నా బిరడా పెట్టానా లేదా అనే ఆలోచనేనక్కా" అన్నాడు. "ఇందాక కూడా. మూడుసార్లు దిగి చూశాను, నువ్వు గమనించలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఊరి పిల్లలందర్నీ చేర్చాను. ఇప్పుడు నా చేతుల్ని నేనే నమ్మలేకపోతున్నాను. పడవ వెనక అది ఉండి, దాని కాలు అలా ఉన్నప్పుడు నేను తప్పు చేస్తే?"

నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. వాడి వీపు మీద చెయ్యి వేశాను. చిన్నప్పుడు జ్వరమొస్తే వేసినట్టే. "పెల్హమ్ వాళ్ళకి ఫోన్ చేద్దాం పద" అన్నాను. రాత్రంతా ఆలోచించి మర్నాడు మధ్యాహ్నానికి చేశాడు. అప్పటికే అమ్మేశామన్నారు.

ఇరవై రెండున ఇక మిగిలింది ఒక్కటే, నలభై మైళ్ళ అవతల హాస్కెల్ టీగ్ అనే ముసలాయన పడవ. తెల్లారేసరికి మార్లా ట్రక్కులో ఎక్కి కూర్చుని ఉంది. ఒళ్ళో పలక, పక్కన తేలుడు జాకెట్టు.

"నువ్వెందుకమ్మా? చూడ్డానికే కదా" అన్నాడు ఎల్డన్.

"నేనూ చూస్తాను" అంది.

హాస్కెల్ టీగ్‌కు ఎనభై దగ్గర. మనవళ్ళు పెద్దవాళ్ళై ఎవరూ రావడం లేదని అమ్మేస్తున్నాడు. పడవ మొదట్లో చెప్పానుగా, ఆ దగ్గే పడవే. సీట్లకు అతుకులు. ఆయన స్టార్ట్ చేస్తే అది దగ్గింది.

"ముందే చెప్తున్నా బాబూ. అమ్ముడుపోయేదాకా స్టీరింగు నా చేతిలోనే ఉంటుంది. పోయిన నెల ఒకడు ట్రయల్ అని తీసుకెళ్ళి రాతికి కొట్టుకొచ్చాడు. పక్కన కూర్చో, చూసుకో, అంతే."

ఎల్డన్‌కు కావలసిన వంక దొరికింది. "నడపకుండా ఎలా కొంటామండీ? పదండి వెళ్దాం" అన్నాడు మాతో.

మార్లా కదల్లేదు. "నాన్నా" అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఎల్లుండి పొద్దున ఆరింటికి ఆస్పత్రిలో ఉండాలి. రేపంతా ఇంట్లోంచి కదలొద్దన్నారు. ఇవాళ తప్ప ఇంకో రోజు లేదు నాకు."

ముసలాయన దాని కాలివంక చూశాడు, కర్రవంక చూశాడు, చంకలో పలకవంక చూశాడు. అందరికీ అర్థమయ్యే సంగతే. తాళంచెవి తీసి ఎల్డన్ ముందుకు చాపాడు. "తీసుకో బాబూ. నువ్వే నడుపు."

ఎల్డన్ ఆ తాళంచెవి తీసుకోలేదు. చెయ్యి సగం చాచి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. "మీరే నడపండి" అన్నాడు. మార్లా మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. నాకు వాడిని అక్కడే చెంప పగలగొట్టాలనిపించింది.

"సరే" అంది అది. "అయితే వెనక్కి తిరిగి కూర్చో. నన్ను చూడు. ఎప్పుడైనా చూశావా అసలు?"

నిజంగానే వాడు చూడలేదు. నడిపేవాడి కళ్ళు ముందుకే ఉండాలి, అది చట్టం. వెనక తాడు మీద ఉన్నవాళ్ళని చూడ్డానికి ఇంకొకరు పడవలో వెనక్కి తిరిగి కూర్చోవాలి. వాళ్ళు పడిపోగానే చెయ్యెత్తి "పడింది" అని అరవాలి, అప్పుడు నడిపేవాడు వేగం తగ్గించి వెనక్కి తిప్పుతాడు. ఇరవయ్యొక్కేళ్ళూ ఆ కుర్చీ నాది. ఎల్డన్‌కు కూతురు అద్దంలో అరచేతంత కనిపించే బొమ్మ, అది కూడా ఎప్పుడైనా ఓ చూపు. దాని మొదటి గెంతు, దాని పోటీలు, అన్నీ నేను చెబితే విన్నవే. ఆ రోజు నేను హాస్కెల్ పక్కన కూర్చున్నాను, నా కుర్చీలో ఎల్డన్ కూర్చున్నాడు.

మార్లా నీళ్ళలోకి జారి, పలకలో కాళ్ళు బిగించుకుని, తాడు పిడి పట్టుకుంది. తల ఊపింది. హాస్కెల్ మెల్లగా లాగాడు. అది నీళ్ళలోంచి లేచి నిలబడింది. అంతే, కుంటడం లేదు, కర్ర లేదు. మోకాళ్ళు కాస్త వంచి, ఒక భుజం వెనక్కి వాల్చి, అల మీద అటునుంచి ఇటు, ఇటునుంచి అటు జారుతోంది. ఎండ అప్పుడే కొండ దిగి నీళ్ళ మీదికి వస్తోంది.

ఎల్డన్ రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని ముందుకు వంగి చూస్తున్నాడు. కాసేపటికి, "అది ఏదో మాట్లాడుతోందక్కా" అన్నాడు.

"ఆఁ. ఎప్పుడూ మాట్లాడుతుంది."

"ఎవరితో?"

"నీతోనేరా! ఇరవై ఏళ్ళుగా నీ వీపుతో మాట్లాడుతోంది. 'నాన్నా ఇంకొంచెం ఎడమకి, నాన్నా ఇది చూడు, నాన్నా భలే ఉంది' అని. ఇంజను మోతలో నీకు వినిపించదని దానికీ తెలుసు."

"నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు అడిగావు?" అన్నాను. అన్నాక అనకుండా ఉండాల్సిందనిపించింది.

ఆ ఎముకలోది అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకిందనీ, వచ్చే వసంతం అది చూడదనీ ఆ పడవలో ఎవరికీ తెలియదు. మాకు తెలిసినదల్లా ఒక కాలి సంగతే. దానికే మా గుండెలు చెరువవుతున్నాయి.

ఒకసారి అల మీదికి వచ్చి గెంతింది కూడా, దొంగముండ. చిన్న గెంతే. గాల్లో ఉన్నంతసేపూ ఎల్డన్ ఊపిరి తీసుకోలేదు. సరిగ్గా దిగి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది. వాడు కుర్చీలోంచి సగం లేచి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు, బడి పిల్లవాడిలా. వాడిని అలా నేను ఎన్నడూ చూడలేదు. అప్పట్నుంచి నేను మార్లాని చూడ్డం మానేసి వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను.

ఎంతసేపు గడిచిందో, వాడి మొహంలో ఏదో మారింది. చేతులు కిందికి దిగాయి. కళ్ళు మాత్రం కదలకుండా అక్కడే ఉన్నాయి. పడవ పోతూనే ఉంది. నాకు అనుమానమొచ్చి వెనక్కి చూస్తే తాడు కొసన పిడి ఒక్కటే ఖాళీగా నీళ్ళ మీద ఎగురుతూ వస్తోంది.

"పడింది! ఆపండి, పడిపోయింది!" అని అరిచాను.

హాస్కెల్ వేగం తీసేసి తిప్పాడు. మేం చాలా దూరం వచ్చేశాం. అది ఎక్కడో చిన్న చుక్కలా తేలుతూ, బాగానే ఉన్నానని చెయ్యెత్తి చూపిస్తోంది. ముసలాయనకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా! అంత అనుభవముందన్నారే! పడినప్పుడు చెప్పడం కూడా తెలీదా? వెనక ఇంకో పడవ వస్తే ఏం గతి?"

ఎల్డన్ కళ్ళు నీళ్ళలోని ఆ చుక్క మీదే ఉన్నాయి. బస్సులో ఒక్క పిల్లవాడిని లెక్క తప్పనివ్వని మనిషి.

దగ్గరికి చేరగానే హాస్కెల్ ఇంజను ఆపేశాడు. మార్లా నీళ్ళలో వెల్లకిలా తేలుతూ నవ్వుతోంది. "ఏంటి నాన్నా, నన్ను ఇక్కడే వదిలేసి పోతున్నారా? అత్త అయితే ఇలా చేసేది కాదు. నిద్రపోయావా?"

ఎల్డన్ వెనక చెక్క మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపాడు. అది పట్టుకుంది.

"చూస్తూనే ఉన్నానమ్మా" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"పడ్డావని చెప్తే అయిపోతుంది కదా."

మార్లా నవ్వు ఆపేసింది. పైకి రాలేదు, చెయ్యీ వదల్లేదు. వాడు ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసినా పట్టించుకోలేదు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అని అడిగాడు.

"లేదు నాన్నా."

"అయితే కాసేపు అలాగే ఉండు" అన్నాడు.